జాతి పరువు ఎవరి మెడలో?

‘వేల్స్’ అన్నది వేల్స్ ప్రజలు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. పాత ఇంగ్లీషులో పరాయివాళ్లు అని అర్థమొచ్చే మాట నుంచి అది పుట్టింది. ముందునుంచీ ఆ నేల మీదున్న వాళ్లను వెనకొచ్చిన పొరుగువాళ్లు పరాయివాళ్లన్నారు. వాళ్లు మాత్రం తమను ‘కమ్రి’ అని చెప్పుకుంటారు. ఒక్క నేల వాళ్లం, మనవాళ్లం అని దానర్థం. ఆధిపత్యం చేసేవాళ్లకు ఎదుటివాళ్ల పేరు మార్చడం ఎప్పుడూ తేలికే. పెళ్లితో ఇంటిపేరు పోగొట్టుకున్న ఆడవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

పందొమ్మిదో శతాబ్దపు స్త్రీల పత్రికల మీద పనిచేస్తూ నేను వేల్స్ చరిత్రలోకి వెళ్లాను. బలమైన పొరుగుదేశం పక్కన ఒక చిన్న జాతి తన భాషను, తన ఉనికిని ఎలా నిలుపుకుందన్నది అందరూ చెప్పే కథ. ఆ కథలో నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. జాతిని అవమానించాలనుకున్నప్పుడు ఎవరి శరీరాల మీద ఆ అవమానం రాస్తారు? దాన్ని కడిగే పని ఎవరి మీద పడుతుంది?

1282లో వేల్స్ పాలకుడు లెవెలిన్, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు సైన్యంతో పోరులో చనిపోయాడు. అంతకు కొన్ని నెలల ముందే అతని భార్య ఆడపిల్లను కని కన్నుమూసింది. ఆ పిల్ల పేరు గ్వెన్లియన్. ఎడ్వర్డు ఆ పసిబిడ్డను లింకన్‌షైర్‌లోని సెంప్రింగ్‌హామ్ మఠానికి పంపించాడు. ఆమెకు పెళ్లి కాకూడదు, బిడ్డలు పుట్టకూడదు. అంటే వేల్స్‌కు వారసులు ఉండకూడదు. 1337లో చనిపోయేదాకా, యాభై ఏళ్లకు పైగా, ఆమె ఆ గోడల మధ్యే ఉంది. రాజ్యం గెలిచినవాడు ఒక ఆడపిల్ల గర్భానికి కూడా కాపలా పెట్టాడు. 2009లో వేల్స్‌లో ఒక కొండకు ఆమె పేరు పెట్టారు.

1536, 1543 చట్టాలతో వేల్స్ ఇంగ్లండులో కలిసిపోయింది. కోర్టుల భాష ఇంగ్లీషు అయింది. ఇంగ్లీషు రానివాళ్లకు ప్రభుత్వ పదవులు లేవు. అయితే 1588లో విలియం మోర్గాన్ బైబిలును వెల్ష్‌లోకి తెచ్చాడు. కోర్టులో చోటు పోయిన భాష ప్రార్థనలో బతికింది. తర్వాతి శతాబ్దాల్లో ఆంగ్లికన్ చర్చి నుంచి విడిపోయిన శాఖల ప్రార్థనా మందిరాలే ఆ భాషకు బడులయ్యాయి.

ఇక 1847కి వద్దాం. దానికి కొన్నేళ్ల ముందు వేల్స్ అట్టుడికిపోయింది. 1839 నుంచి 1843 దాకా పేద రైతులు రాత్రిళ్లు టోల్‌గేట్లు విరగ్గొట్టారు. మగవాళ్లే ఆడవేషాలు వేసుకుని, నాయకుణ్ణి ‘రెబెకా’ అని పిలుచుకుంటూ. తిరుగుబాటుకు ఆడవేషం పనికొచ్చింది గానీ ఆ రెబెకాల ఇళ్లలోని ఆడవాళ్ల పేర్లు చరిత్రలో పెద్దగా కనిపించవు. ఈ అశాంతి తర్వాత వేల్స్‌లో చదువు ఎలా ఉందో చూడమని లండన్ ప్రభుత్వం ముగ్గుర్ని పంపింది. ముగ్గురూ ఇంగ్లీషు న్యాయవాదులు, యువకులు. ఒక్కరికీ వెల్ష్ రాదు. వాళ్లు సాక్ష్యాలు తీసుకున్నది ఎక్కువగా ఆంగ్లికన్ మతాధికారుల దగ్గర. ప్రజల్లో ఎక్కువమంది ఆ చర్చికి వెళ్లేవాళ్లు కారు.

బడుల దుస్థితి గురించి ఆ నివేదిక రాసిన దాంట్లో నిజం చాలానే ఉంది. కానీ అది అక్కడ ఆగలేదు. వెల్ష్ భాష ప్రజల ప్రగతికి, నీతికి అడ్డు అంది. వెల్ష్ స్త్రీలకు శీలం లేదంది. దానికి రుజువులేమిటి? పల్లెల్లో పెళ్లికి ముందు పడుచుజంటలు రాత్రిపూట కలుసుకునే ఆచారం, రాత్రి ప్రార్థనల నుంచి ఆడా మగా కలిసి ఇళ్లకు నడిచి వెళ్లడం! చదువు గురించిన విచారణ పనిమనుషుల, కూలి స్త్రీల పడకల దాకా వెళ్లింది. భాషను తక్కువ చెయ్యాలంటే ఆ భాష మాట్లాడే ఆడవాళ్లను తక్కువ చెయ్యడం దగ్గరిదారి. మూడు సంపుటాలకూ నీలం అట్టలుండేవి. వేల్స్ ప్రజలు దాన్ని ‘నీలం పుస్తకాల ద్రోహం’ అన్నారు. ఆ పేరు 1854లో వచ్చిన ఒక నాటకంతో స్థిరపడింది.

జాతి మండిపడింది. మండిపడాల్సిందే. అయితే ఆ కోపం ఏ దారి పట్టింది? నివేదికను గట్టిగా ఖండించినవాళ్లలో యెయాన్ గ్విన్నెద్ అనే కలంపేరున్న మతబోధకుడు ముఖ్యుడు. ఆయన 1850లో ‘అ గమ్రైస్’ అని, అంటే ‘వెల్ష్ స్త్రీ’ అని, స్త్రీల పత్రిక పెట్టాడు. వెల్ష్‌లో స్త్రీల కోసం వచ్చిన తొలి పత్రిక అదే. దాని లక్ష్యం శీలవతులైన కూతుళ్లను, మంచి భార్యలను, మంచి తల్లులను తయారుచెయ్యడం. వీరేశలింగం ‘సతీహితబోధిని’ చదివిన మనకు ఈ గొంతు కొత్త కాదు. నిందించిన పరాయివాడూ, కాపాడతానన్న మనవాడూ ఒక విషయంలో ఏకమయ్యారు: జాతి పరువు ఆడవాళ్ల ఒంటి మీదే ఉంది! “మా ఆడవాళ్ల బతుకును మీ కొలతలతో కొలవకండి” అనకుండా, “మీ కొలతకు మా ఆడవాళ్లు సరిపోతారు, చూడండి” అన్నారు. ఆ కాలం బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. అది ప్రభుత్వ చట్టం కాదు, బడులు తమంతట తాము చేసిన పని. పిల్లల మెడలోంచి ఆ చెక్క సాయంత్రానికి దిగేది. ఆడవాళ్ల మెడలో పడిన పరువు దిగలేదు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. సముద్రతీరంలోని లాంగ్రానోగ్ అనే ఊళ్లో 1839లో ఒక నావికుడి ఇంట్లో సారా జేన్ రీస్ పుట్టింది. కుట్టుపని వద్దని తండ్రి ఓడెక్కింది. నౌకాయానశాస్త్రం చదువుకుని, ఊరి మగపిల్లలకు ఆ పాఠాలే చెప్పింది. 1865 జాతీయ ఐస్టెద్‌వోద్ సాహిత్యోత్సవంలో పెళ్లి ఉంగరం మీద రాసిన కవితకు బహుమతి గెలుచుకుంది. ఆ పోటీలో ఆమె ఓడించిన వాళ్లలో ఇస్ల్విన్, కైరియోగ్ లాంటి పేరున్న కవులున్నారు. ‘క్రానోగ్వెన్’ ఆమె కలంపేరు. 1870ల చివర నుంచి పదేళ్ల పాటు ‘అ వ్రథోనెస్’ పత్రిక నడిపింది. వెల్ష్‌లో స్త్రీల పత్రికకు స్త్రీ సంపాదకురాలు కావడం అదే మొదలు. ఆమె పత్రికలోనూ నీతిబోధ ఉంది, ఆ కాలం అలాంటిది. కానీ ఆడవాళ్లు రాయడానికి అక్కడ చోటు దొరికింది. ఆమె పెళ్లి చేసుకోలేదు, జీవితంలో ఎక్కువ కాలం ఒక స్నేహితురాలి తోడుతో గడిపింది. 1847 నివేదిక ఊహించిన ‘శీలం లేని’ స్త్రీ కాదు, దానికి జవాబుగా జాతి తయారుచెయ్యాలనుకున్న ఆదర్శ గృహిణీ కాదు. 2023లో లాంగ్రానోగ్‌లో ఆమె విగ్రహం నిలిపారు.

వేల్స్‌ను బాధితురాలిగా మాత్రమే చూస్తే లెక్క తప్పుతుంది. వెల్ష్ మిషనరీ థామస్ జోన్స్ 1841లో మన దేశంలోని ఖాసీ కొండలకు వచ్చి, ఖాసీ భాషకు రోమన్ లిపి స్థిరపరిచాడు. సొంత నేల మీద భాష కోసం తలవంచాల్సి వచ్చిన జాతి, సామ్రాజ్యం నీడలో ఇంకొకరి భాష ఎలా రాయాలో నిర్ణయించింది. పొరుగువాడి ఆధిపత్యం కింద నలిగినంత మాత్రాన మన చేతుల్లో అధికారం ఉండదనుకోలేం.

1952లో లాంగెనెక్ ఊళ్లో అయిలీన్ బీస్లీ, ఆమె భర్త ట్రెవర్ తమ ఇంటిపన్ను నోటీసు వెల్ష్‌లో ఇమ్మన్నారు. ఆ చుట్టుపక్కల దాదాపు అందరి భాషా వెల్షే. అయినా కౌన్సిల్ ఇవ్వనంది. వాళ్లు పన్ను కట్టలేదు. పదిసార్లకు మించి కోర్టుకు పిలిపించారు, ఇంట్లో సామాన్లు జప్తు చేసి పట్టుకుపోయారు. చంటిపిల్లలున్న ఇల్లది. ఎనిమిదేళ్ల తర్వాత, 1960లో, రెండు భాషల నోటీసు వచ్చింది. 1962లో సాండర్స్ లూయిస్ వెల్ష్ భాష గతి మీద చేసిన ప్రసిద్ధ రేడియో ప్రసంగంలో ఆ జంటనే ఉదాహరణగా చూపాడు. ఆ ప్రసంగం నుంచే భాషా ఉద్యమ సంఘం పుట్టింది. భాషకు ఆడవాళ్లు జోలపాట పాడే తల్లులుగానే అక్కరకొస్తారని నమ్మేవాళ్లు ఆ పన్ను నోటీసును గుర్తుపెట్టుకోవాలి. అయిలీన్ అడిగింది భాషకు పూజ కాదు, కచేరీలో హక్కు.

1997 రెఫరెండంలో 50.3 శాతం ఓటుతో వేల్స్ సొంత శాసనసభను తెచ్చుకుంది. 2003 ఎన్నికల్లో అరవై స్థానాల్లో ముప్పై స్త్రీలవి. ప్రపంచంలో స్త్రీ పురుషులు సరిసమానంగా ఎన్నికైన తొలి శాసనసభ అది. అది దానంతటది జరగలేదు. సభ ఏర్పడకముందే, పార్టీలు అభ్యర్థులను ఎంచుకునే పద్ధతి మారాలని స్త్రీలు పోరాడి సాధించుకున్నారు.

2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్లు 17.8 శాతం. ఇలాంటి అంకె బయటికొచ్చినప్పుడల్లా ఏ దేశంలోనైనా చూపులు మొదట అమ్మల వైపు తిరుగుతాయి, మాతృభాష అన్నాం కదా! వేల్స్ చరిత్ర నాకు చెప్పింది ఇంకోటి. గ్వెన్లియన్‌ను మూగగా ఉంచినప్పుడు ఆమె భాషా ఆమె దగ్గర మూగబోయింది. క్రానోగ్వెన్ పత్రిక నడిపినప్పుడు, అయిలీన్ నోటీసు వెనక్కి తిప్పినప్పుడు భాషకు ప్రాణమొచ్చింది. భాషను కాపాడమని స్త్రీలను అడిగేవాళ్లు, ఆ భాషలో స్త్రీలు ఏం మాట్లాడతారో వినడానికి సిద్ధంగా ఉన్నారా అన్నది ముందు తేల్చుకోవాలి.