కేతిగాని కురుచదనము

రహమత్ నగరు మెట్టవీధులనుండి కృష్ణానగరు వైపునకు దిగివచ్చునప్పుడెల్ల గోడలమీది సినిమా పోస్టరులను నిలిచి చూచుట నాకు అలవాటు. కథానాయకుడు కాగితమునెల్ల ఆక్రమించి నిలువగా, జనమును కడుపుబ్బ నవ్వించు హాస్యనటుడు ఒక మూల జానెడు చోటున ఇమిడియుండును. ఈ కొలతను మన తోలుబొమ్మల చిత్రకారులు ఎన్నియో తరములకు ముందే పాటించిరి.

పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమునందే తెరమాటున ఆడు తోలుబొమ్మలను పేర్కొన్నాడు. నేటికిని ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో ఈ విద్య జీవించియున్నది. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, బిగలాగి యెండబెట్టినపిమ్మట అది వెలుతురును తనగుండ పోనిచ్చునంత పలుచనగును. దానిపై బొమ్మ గీసి, ఎఱుపు, ఆకుపచ్చ, నలుపు రంగులు నింపి, నగలున్న తావులందు ఉలితో సన్నని రంధ్రములు పొడుతురు. వెనుక దీపము వెలిగినంతనే ఆ రంధ్రములు రత్నములై మెఱయును. రామరావణాదులు అయిదారడుగుల నిలువున, భూషణభారముతో గంభీరముగ నిలుతురు. హాస్యపాత్రలైన కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క పొట్టివారు. వారి ముక్కును పొట్టయు మితిమీరియుండును. అయితే చిత్రకారుడు నగలలో తగ్గించినదానిని కీళ్లలో తీర్చినాడు: వారు తల యూపుదురు, చేతులు విసరుదురు, నడుము వంచుదురు. సింహాసనమెక్కినవాడు తన మర్యాదకు తానే బందీ యనియు, ఏమియు లేనివాడే యథేచ్ఛగా చిందులు వేయుననియు ఆ చిత్రకారులు కీళ్లను కూర్చిన దారముతోనే చెప్పిరని నా తలంపు. తెల్లవార్లు సాగు కథ నడుమ జనము కునుకుపాట్లు పడు వేళ, రాజులు పద్యములు చాలించిన సందున కేతిగాడు దూకివచ్చి, ఊరి మాటలను ఊరి యాసలోనే పలుకును.

స్పెయిను చిత్రకారుడు వెలాస్కెజు నాల్గవ ఫిలిప్పు ఆస్థానవిదూషకులను రాజులకు దీటుగ నిలువెత్తున చిత్రించెను; పాబ్లో అను విదూషకుని పటమున గోడ లేదు, నేలకు అంచు లేదు, పాదములకడ నీడ మాత్రమే యున్నది. ఆయన విదూషకుని పెద్దవానిని చేసి గౌరవించెను. మనవారు చిన్నవానిగనే యుంచి, నిద్రించు సభను మేల్కొలుపు పని అతని కప్పగించిరి.

ఆ పనినే చలనచిత్రములందు రేలంగి వెంకట్రామయ్యగారు చేసిరి. 1970లో వారికిని పద్మశ్రీ వచ్చినది. మొన్న మా వీధి మలుపున చూచిన పోస్టరులో కథానాయకుడు చేతులు కట్టుకొని కదలక నిలిచియుండగా, మూలనున్న హాస్యనటుడు ఒక కాలు పైకెత్తి, రెండు చేతులును గాలిలోనికి విసరియుండెను.