ర్యామ్ ఎంత కావాలి? ప్యాపిలి దారిలో ముప్ఫయ్యేళ్ల లెక్క

ప్యాపిలి డోన్‌కూ గుత్తికీ నడుమ, 44వ జాతీయ రహదారి మీద ఉంది. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, అప్పటినుంచి నంద్యాల జిల్లా. హైదరాబాద్, బెంగళూరులకు ఇంచుమించు సగం దారి. కంప్యూటర్ సామానుకు పేరుపడ్డ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఒకవైపు, బెంగళూరు ఎస్పీ రోడ్డు మరోవైపు. ఏ మదర్‌బోర్డుకు ఏ ర్యామ్ సరిపోతుందో తెలుసుకోకుండా బస్సెక్కితే ఎటు వెళ్లినా ఛార్జీలు దండగే.

1990లలో ర్యామ్ బంగారంలాంటి వస్తువు. 1993 జులైలో జపాన్‌లోని నీహమాలో, చిప్‌లకు పైపూత వేసే రెసిన్ తయారుచేసే సుమిటోమో కర్మాగారం కాలిపోతే ప్రపంచమంతటా ధరలు ఎగిశాయి. విండోస్ 95కు కనీసం 4 ఎంబీ చాలన్నారు. సాఫీగా నడవాలంటే 8 కావలసివచ్చేది. ఆ కొద్దిపాటి మెమరీలోనే తెలుగు డీటీపీ సాగింది. అను వంటి ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చేవి కాబట్టి ఒత్తులు, గుణింతాలు కట్టే భారం ఆపరేటింగ్ సిస్టం మీద పడేది కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును తెచ్చింది. దానికి కనీసం 64 ఎంబీ, మేలైనది 128.

నిజానికి మెమరీని మింగింది తెలుగు కాదు, బొమ్మలు. పదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తున్న ఫ్లెక్సీని అంగుళానికి 100 చుక్కల చొప్పున నాలుగు రంగుల్లో తయారుచేస్తే, ఒక్క పొరకే సుమారు 345 ఎంబీ పడుతుంది. నాయకుడి ఫొటో, పూలదండ, పేర్లు ఒక్కో పొరగా చేరేకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. పెళ్లిపత్రిక సాఫీగా వచ్చే సిస్టం ఫ్లెక్సీ దగ్గర మొరాయించడానికి కారణం ఇదే. ఎంత ర్యామ్ కావాలన్నది కంప్యూటర్ కొత్తదా పాతదా అన్నదాన్నిబట్టి కాక, దానిమీద చేసే అతిపెద్ద పనినిబట్టి తేలాలి.

కొనేచోట పొరపాటు ఎక్కువగా రకం దగ్గర జరుగుతుంది. ఎస్‌డీర్యామ్‌కు 168 పిన్నులు, డీడీఆర్‌కు 184. డీడీఆర్2, డీడీఆర్3 రెంటికీ 240 పిన్నులే అయినా గాటు వేరేచోట ఉండటంతో ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. 288 పిన్నుల డీడీఆర్4, డీడీఆర్5లదీ అదే తీరు. 32 బిట్ విండోస్ మామూలు రకాల్లో 4 జీబీకి మించి వేయించినా డబ్బు వృథా.

పైసా ఖర్చులేని పరీక్ష టాస్క్ మేనేజర్. రోజూ చేసే పనులన్నీ తెరిచిపెట్టినప్పుడు మెమరీ నిండిపోయి డిస్కు లైటు ఆరకుండా వెలుగుతుంటే, ర్యామ్ చాలక సిస్టం డిస్కును వాడుకుంటోందని అర్థం. ఖాళీ స్లాట్ ఉంటే అదే రకం ర్యామ్ ఇంకొకటి చేర్చడం చౌక. మెమరీ సగం ఖాళీగా ఉండి కూడా సిస్టం నెమ్మదిస్తే, ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీకి పెట్టడమే మేలు. తెర వెలగకుండా బీప్ శబ్దాలే వస్తే, కొత్తది కొనేముందు పాతదాన్ని తీసి పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి చూడాలి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. విండోస్ 11కు 4 జీబీ కనీసం. ఆ ఏడాది చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మళ్లీ ఎగబాకాయి. అందుకే ప్యాపిలి నుంచి ఎటు బయల్దేరేవారైనా ముందు బోర్డు మోడల్, ఖాళీ స్లాట్లు, టాస్క్ మేనేజర్‌లో చూసిన అంకె కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి.