ఇంబర్ తలరాత మార్చిన కొనుగోళ్లు

ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ మైదానంలో ఇంబర్ అనే సేద్యపు పల్లె ఉండేది. 1943 నవంబరు 1న ఊరివాళ్లను బడిలో సమావేశపరిచి, 47 రోజుల్లో ఇళ్లు ఖాళీ చేయమన్నారు. యూరప్ దాడికి సిద్ధమవుతున్న అమెరికన్ సైనికులు అక్కడ వీధిపోరు సాధన చేయాలట. ఈ కథను ఇప్పటికీ యుద్ధకాలపు త్యాగంగానే చెబుతుంటారు. నిజానికి ఊరి తలరాత అంతకు ముందే, భూమి అమ్మకాల కాగితాల మీద మారిపోయింది. 1920ల చివరి నుంచి బ్రిటిష్ యుద్ధ శాఖ అక్కడి పొలాలు కొంటూ వచ్చింది. సేద్యం గిట్టుబాటు కాని రోజులు కాబట్టి భూస్వాములు అమ్మేశారు. యుద్ధం నాటికి చర్చి, పాదిరి బంగళా, పబ్బు వంటి కొన్నింటిని మినహాయిస్తే ఊరంతా సైన్యానిదే, రైతులు దాని కౌలుదార్లు. కౌలుదారును లేపడానికి ఫిరంగులెందుకు, నోటీసు చాలు.

ఊరు ఎలాగూ చిక్కిపోతోంది కదా అనవచ్చు. 1851లో 440 మంది ఉన్న ఊళ్లో 1943 నాటికి సుమారు 150 మందే మిగిలిన మాట వాస్తవం. అయితే జనం తగ్గిన పల్లె మళ్లీ కోలుకోవచ్చు, యజమాని గేటు మూసిన పల్లెకు ఆ అవకాశమే లేదు. యుద్ధం తర్వాత తిరిగి రానిస్తామన్న మాట తప్పడమే అసలు అన్యాయమని మరికొందరి వాదన. ఆ బాధ న్యాయమైనదే. కానీ సొంత భూమి ఉన్నవాడు తిరిగి రావడానికి ఎవరి మాట కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. 1961లో రెండు వేల మందికి పైగా ఇంబర్‌లో నిరసన తెలిపినా, ప్రభుత్వ విచారణ సైన్యం పక్షానే తేల్చింది. ఊళ్లోని సెయింట్ గైల్స్ చర్చిని నేటికీ ఏడాదిలో కొద్ది రోజులే తెరుస్తారు.