సత్యభామ తన్నిన తాపు

మంట రవంత ఎగదొయ్యబ్బీ. ఇద్దరూ ఆ ఫోన్లో తలకాయలు పెట్టి ఏం నవ్వుతాండారు? మొగుడు పెండ్లానికి తెలీకుండా ఇంకొకామె ఇంటికి పోయి దొరికిపోయేదా? అది కొత్త కథ అనుకున్యారా మీరు? మా కాలంలో దానికి శ్రీకృష్ణ తులాభారం అని పేరుండె. దేవుని సినిమా అని ముసలోళ్ళను గూడా పిల్చకపోయి, మొగుడూ పెండ్లాల కొట్లాట చూపిస్తాండ్రి.

1966లో వచ్చింది. రామారావు కృష్ణుడు, జమున సత్యభామ, అంజలీదేవి రుక్మిణి, కాంతారావు నారదుడు. తీసింది రామానాయుడు, డైరెక్టరు కమలాకర కామేశ్వరరావు. పెద్దూర్లల్లో ఆడి ఆడి, ప్రింటు నిండా గీతలు పడినాక మన కంప్లి టెంటుకు వచ్చె. నేనప్పుడు ఈ ఇంటికి కొత్త కోడల్ని. డ్యాము నీళ్ళు కాలవలకొచ్చినాక కృష్ణా, గుంటూరు దిక్కు నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్యారు చూడు, వాండ్లు బండ్లు కట్టుకొని వచ్చిరి. ఈ కథ నాటకం పద్యాలన్నీ వాండ్లకు నోటికొచ్చు. మన కన్నడమోళ్ళకు శ్రీకృష్ణ పారిజాత ఆట ఉండనే ఉండె, కథ వాండ్లకూ తెలుసు. భాష తెలీనోడు గూడా నవ్వాల్సిన చోట నవ్వె.

ఎనిమిది మంది పెండ్లాలు ఉన్నోనికి దొంగతనం ఏముంటాది అంటారు. ఎందుకుండదు? ఈమె ఇంట్లో కూర్చొని నువ్వే నా ప్రాణమనేది, నారదుడు తెచ్చిన పారిజాతం పువ్వు పొయ్యి రుక్మిణికి ఇచ్చేది. అది దొంగతనం కాదా? ఆ కబురు సత్యభామకు తెలిసె. ఇంగ అలక. కృష్ణుడొచ్చి బతిమాలుకుంటా కాళ్ళకాడ తల పెట్టినాడు. ఆయమ్మ కాలెత్తె. సరిగ్గా ఆడికి రీలు తెగిపాయె!

టెంటులో ఉండేది ఒకటే మిషను. తెగితే లైట్లు వేసి అతికించుకోవాల. నేల ఇసుక, నడిమధ్య గుడ్డ కట్టి ఒక పక్క మేము, ఇంకో పక్క మొగోళ్ళు. గుడ్డ అవతల ఒకటే రచ్చ. రామారావును తన్నేదానికి ఎవరికుంటాది ధైర్యం, తన్నదు, ఊరికే బెదిరిస్తాదని ఒకాయన పందెం గూడా కాసె. మా పక్క ఒక్కరు నోరు తెరిస్తే ఒట్టు. మళ్ళా బొమ్మ పడె. చూస్తే ఏముంది, కిరీటం కింద పడి ఉంది! తాపు మాత్రం ఆ అతుకులోనే పోయె. ఆడోళ్ళంతా లేచి నిలబడి, మళ్ళా వేయి, మొదట్నుంచి వేయి అని అరిస్తిమి. వాడు వేయలేదనుకో.

జమున పుట్టింది యాడనుకున్యారు? మన హంపిలోనే, 1936లో. పెరిగింది గుంటూరు దిక్కు దుగ్గిరాలలో. ఈ సినిమాకు ముందు రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఆయమ్మతో పని చేసేది లేదని కొన్నేండ్లు దూరం పెట్టిరి. 1962లో గుండమ్మ కథతో రాజీ పడిరి. ఆయమ్మ కాలికి రామారావు కిరీటం తగిలిందంటే మాకు ఎట్లుంటాది చెప్పు.

ఆ తాపు గూడా హంపిదే. రాయలవారి కాలంలో నంది తిమ్మన పారిజాతాపహరణం రాసె. రాణి తిరుమలదేవి నిద్దట్లో కాలు తగిలిందని రాయలు ఆమె దిక్కు చూడకుండా పోయినాడంట. సాక్షాత్తూ కృష్ణుడే తన్నించుకున్యాడు, నీదెంతప్పా అని చెప్పేదానికే తిమ్మన ఆ కావ్యం చేసినాడని కథ చెప్తారు. నిజమో కాదో. రాజుకు బుద్ధి చెప్పల్లంటే దేవుణ్ణి అడ్డం పెట్టుకోవాల్సిందే గదా.

మా మామ మాత్రం జమునను ఒప్పుకోలేదు. ఆయన నాటకంలో స్థానం నరసింహారావు సత్యభామ వేషం చూసిన మనిషి. మొగోడై ఉండి ఆ వేషం కట్టి, 1956లో పద్మశ్రీ తెచ్చుకున్యాడు స్థానం. ఆ నడక ఏ ఆడదానికీ రాదు అంటాండె మా మామ. అయితే ఆయన్నే చేసుకోకపోతివా అనె మా అత్త. బళ్ళారిలో రాఘవ అని పెద్ద ప్లీడరు, పెద్ద నటుడు, 1946లో పాయె. ఆడవేషం ఆడోళ్ళే కట్టల్ల అని పట్టుబట్టిన మనిషి. మా అత్త ఆయన పక్షం.

నాకు నచ్చంది చివర్న తక్కెడ. మొగున్ని దానమిస్తే ఇంగెప్పటికీ నీవాడే అని నారదుడు ఎక్కించె, ఈ పిచ్చిది నమ్మి ఇచ్చేసె. తీరా చూస్తే నారదుడు ఆయన్ను బజార్లో అమ్మకానికి పెట్టె. విడిపించుకోవల్లంటే ఎత్తు బంగారం. ఉన్న నగలన్నీ వేసినా ముల్లు కదల్లే. రుక్మిణి వచ్చి ఒక్క తులసాకు వేస్తే సరితూగె. మొగోళ్ళంతా చప్పట్లు! పువ్వుతో మోసం చేసింది ఆయన, నలుగుర్లో తలొంచుకున్యది ఈమె. హంపిలో విఠలుని గుడి కాడ రెండు రాతి కంబాలు, మీద దూలం ఉంటాది, చూసినారు గదా. రాజులు ఆడ బంగారంతో తూగి దానాలు చేసిరంట. రాణుల నగలు ఎన్ని పడినాయో ఎవరూ చెప్పరు.

మర్నాడు కాలవకాడ గుడ్డలు ఉతుకుతా అందరికీ అదే మాట. మా ఇంటాయన్ను తూయల్లంటే తులసాకు గూడా దండగ, చాటెడు తవుడు చాలు అంటి నేను. వెనకాల ఎద్దులకు నీళ్ళు తాపుతా మీ తాత నిలబడుకొని ఉన్నెది నేను చూడలా.

“తవుడు ధర అడిగినావా యీ కరువులో?” అనె.