యంత్రములు వ్రాసికొనెడి చిట్టా

పూర్వము ఐరోపా నావికులు తమ ఓడ ఎంత వేగముతో పోవుచున్నదో తెలిసికొనుటకు ఒక చెక్కముక్కను వాడెడివారు. దానికి పొడవైన త్రాడు కట్టి, ఆ త్రాటికి సమదూరములలో ముడులు వేసి, ఓడ వెనుక నీటిలో విడిచెడివారు. ఇసుక గడియారములోని ఇసుక జారిపోవు లోపల ఎన్ని ముడులు చేతిలోనుండి సాగిపోయెనో లెక్కించి ఆ సంఖ్యను ఒక పుస్తకములో వ్రాసెడివారు. విలియం బోర్న్ అను ఆంగ్లేయుడు 1574వ సంవత్సరమున ప్రకటించిన నావికాగ్రంథములో ఈ పద్ధతి వర్ణింపబడియున్నది. ఆ చెక్కకు ఆంగ్లమున ‘లాగ్’ అని పేరు. చెక్క పేరే క్రమముగా పుస్తకమునకు వచ్చినది. వేగముతోపాటు గాలివాటము, ఎదురుపడిన ఓడలు, త్రోవలో మరణించినవారి పేర్లు, అన్నియు అందు చేరినవి.

ఆ పుస్తకమునకు మన భాషలో తగిన మాట వెదకుకొననక్కరలేదు. మన వర్తకులు దినదినము జరిగిన జమాఖర్చులను జరిగిన వరుసలోనే చిట్టాలో వ్రాసి, పిదప తీరికగా ఖాతాలవారీగా ఆవర్జాలోనికి ఎత్తుకొనుట ఎరిగిన విషయమే. చిట్టాకు వరుస ముఖ్యము. అందు కొట్టివేతలు ఉండరాదు. కంప్యూటరు తన చర్యలను తానే వ్రాసికొనెడి పుస్తకమునకు సైతము నేడు తెలుగులో కొందరు చిట్టా అనియే వాడుచున్నారు. ఈ ప్రసంగము ఆ చిట్టా చరిత్రను గురించినది.

తొలి కంప్యూటర్లకు చిట్టాను మనుష్యులే వ్రాసెడివారు. హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్-2 యంత్రము వద్ద పనిచేసినవారు 1947 సెప్టెంబరు 9వ తేదీన ఒక రిలేలో చిక్కుకొన్న రెక్కల పురుగును తీసి, తమ పుస్తకములో అతికించి, ప్రక్కన సమయము వేసిరి. ఆ పుట నేటికిని భద్రముగానున్నది. పిదప యంత్రము ముందున్న టైపుయంత్రముపై కంప్యూటరే తన సందేశములను అచ్చువేయ నారంభించినది. ఒక యంత్రము, ఒక గది, ఒక కాపరి ఉన్నంతవరకు ఇది చాలియుండెను.

చాలకపోయినది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ఆవరణలో. అచ్చట యూనిక్స్ వ్యవస్థపై పనిచేయుచుండిన ఎరిక్ ఆల్‌మన్ అను యువకునికి ఉత్తరముల బరువు మీద పడినది. భిన్న వలయములకు చెందిన కంప్యూటర్ల మధ్య ఎలెక్ట్రానిక్ ఉత్తరములను చేరవేయుటకు ఆయన మొదట 1979లో డెలివర్‌మెయిల్ అను ప్రోగ్రామును, తరువాత సెండ్‌మెయిల్ అను ప్రోగ్రామును రచించెను. ఆ రోజులలో ఉత్తరము నేరుగా పోయెడిది కాదు. ఒక యంత్రము మరియొక యంత్రమునకు, అది వేరొకదానికి అందించుకొనుచు పోవలెను. మధ్య ఏదో ఒక మజిలీలో అది మాయమైనచో, పంపినవాడు ఆల్‌మన్‌నే అడుగును. ‘నా యంత్రము దానిని ఫలానా సమయమున ఫలానావారికి అప్పగించినది’ అని చూపుటకు ఆయన చేతిలో వ్రాత ఉండవలెను. తపాలా కచేరీలో రిజిస్టరు ఉత్తరమునకు రసీదు ఎట్టిదో ఇదియు అట్టిదే. ప్రతి ఉత్తరమునకు ఒక గుర్తుసంఖ్య, వచ్చినప్పుడొక పంక్తి, అందించినప్పుడొక పంక్తి. ఈ పంక్తులను వ్రాయు పనిని ఆయన సెండ్‌మెయిల్‌లోనే ఇరికింపక వేరొక చిన్న సేవగా విడదీసెను. దాని పేరు సిస్‌లాగ్.

విడదీయుటయే ఇందలి విశేషము. అంతకుముందు ఏ ప్రోగ్రాము రచించినవాడు ఆ ప్రోగ్రామునకు తన ఇష్టము వచ్చిన దస్త్రములో, తన ఇష్టము వచ్చిన తీరున వ్రాసికొనెడివాడు. ఇప్పుడు వ్రాయువాడొకడు ఏర్పడినాడు. తక్కినవారు అతనికి చెప్పినచో చాలును. ఉత్తరముల సేవకొరకు పుట్టిన ఈ సౌకర్యమును అచ్చుయంత్రముల సేవ, ప్రవేశద్వారపు సేవ, తుదకు వ్యవస్థకు మూలమైన కెర్నెల్ సైతము వాడుకొనసాగినవి. 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో సిస్‌లాగ్ లోకములోనికి వచ్చినది. ఆ సంవత్సరము జనవరి 1వ తేదీననే అర్పానెట్ వలయము టీసీపీ-ఐపీ పద్ధతికి మారినది కనుక, అది మంచి ముహూర్తముననే బయలుదేరినదనవలెను. 1986 నాటి 4.3 బీఎస్‌డీలో ఆ సేవకు సిస్‌లాగ్‌డీ అను పేరు స్థిరపడినది. చివరి ‘డీ’ అక్షరము డీమన్ అను మాటకు గుర్తు. కంటికి కనబడక వెనుకనుండి పనిచేయు భూతమని దాని భావము. భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ ఊహించిన భూతమును తలచుకొని 1960లలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థవారు పెట్టిన పేరది.

ఈ భూతమునకు ఆజ్ఞలిచ్చు విధానము చూడదగినది. ప్రతి సందేశము రెండు గుర్తులతో వచ్చును. ఎవరు చెప్పుచున్నారన్నది మొదటిది, ఎంత తీవ్రమన్నది రెండవది. చెప్పువారికి 0 మొదలు 23 వరకు అంకెలు కలవు: కెర్నెల్ 0, ఉత్తరములు 2, ప్రవేశ తనిఖీ 4, ఇట్లు. తీవ్రతకు 0 మొదలు 7 వరకు ఎనిమిది మెట్లు. ఇచ్చట అంకె తగ్గినకొలది ఆపద హెచ్చును. సున్న అన్నచో వ్యవస్థ నిరుపయోగమైనదని, ఏడన్నచో ప్రోగ్రాము రచించువాని స్వంత గొణుగుడని అర్థము. మొదటి అంకెను ఎనిమిదితో హెచ్చవేసి రెండవదానిని కలిపినచో ఒకే సంఖ్య వచ్చును. ప్రవేశ తనిఖీవారి నుండి తీవ్రత 2 గల వార్త వచ్చినచో అది 34. సందేశమునకు ముందు ఆ సంఖ్య నుంచిన చాలును; అందుకొన్నవాడు ఎనిమిదితో భాగించి రెండింటిని మరల విడదీసికొనును. ఎనిమిది మెట్లకు మూడు బిట్లు సరిపోవుట చేత ఈ లెక్క యంత్రమునకు అతి సులువు.

ఏ వార్తను ఎచ్చట వ్రాయవలెనన్నది ప్రోగ్రాము నిర్ణయింపదు. ఆ అధికారము యంత్రపాలకునిది. అతడు సిస్‌లాగ్.కాన్ఫ్ అను చిన్న దస్త్రములో పంక్తికొక ఆజ్ఞ చొప్పున వ్రాసియుంచును. ‘మెయిల్.ఇన్ఫో’ అని ఎడమవైపు వ్రాసి కుడివైపు ఒక దస్త్రపు పేరు వ్రాసినచో, ఉత్తరముల సేవ చెప్పు సామాన్య సమాచారము, దానికంటె తీవ్రమైన ప్రతి వార్తయు ఆ దస్త్రమునకు పోవును. దస్త్రమునకు మారుగా ఒక మనుష్యుని పేరు వ్రాసినచో అతని తెరపై కనిపించును. ‘ఎట్’ గుర్తు పెట్టి మరియొక యంత్రపు పేరు వ్రాసినచో వార్త అచ్చటికి పోవును. ఆజ్ఞలు మార్చిన పిదప భూతమునకు ‘హప్’ అను సంకేతము పంపవలెను. పూర్వము టెలిఫోను తీగ తెగినప్పుడు పంపుటకు ఏర్పరచిన సంకేతమది. ఇప్పుడు దస్త్రమును మరల చదువుమని దాని అర్థము.

ఇంత సులువైన పద్ధతిలోను తల్లక్రిందులైనవారు లేకపోలేదు. పాత వ్యవస్థలలో ఎడమవైపునకును కుడివైపునకును మధ్య ట్యాబు మాత్రమే ఉండవలెను. మామూలు ఖాళీలుంచినచో ఆజ్ఞ చెల్లదు. కంటికి రెండును ఒక్కటే! అట్లే, ఏదియు తప్పిపోరాదని అత్యాశతో తీవ్రత 7 వరకు సర్వము వ్రాయించినవాని డిస్కు నిండిపోవును. నిండిన డిస్కుపై ఉత్తరములు సైతము నిలువవు. చిట్టాను కాలానుగుణముగా మడిచి పాతవానిని తొలగించు ప్రోగ్రాములు అందుచేతనే పుట్టినవి. ఇక ప్రతి పంక్తిని వెంటవెంటనే డిస్కుపై స్థిరపరచుట వలన పని మందగించుచుండెడిది. లైనక్స్‌వారు దస్త్రపు పేరుకు ముందు చిన్న అడ్డగీత పెట్టినచో ఆ తొందర వలదని ఏర్పాటు చేసిరి. అయితే విద్యుచ్ఛక్తి హఠాత్తుగా పోయినచో ఆఖరి పంక్తులు దక్కవు. ఆఖరి పంక్తులే కదా కావలసినవి!

పైన చెప్పిన ‘ఎట్’ గుర్తును గురించి కొంచెము వివరింపవలెను. వార్తను వేరొక యంత్రమునకు పంపుటకు బర్క్‌లీవారు యూడీపీ అను పద్ధతిని, 514వ ద్వారమును వాడిరి. ఇందులో పంపువాడు రసీదు కొరకు ఆగడు. అందెనా లేదా అని అడుగడు. ఇది అశ్రద్ధ కాదు. రసీదు కొరకు ఆగుటయే నియమమైనచో, వ్రాయు యంత్రము చెడిన నాడు చెప్పు యంత్రములన్నియు స్తంభించిపోవును. చిట్టా కొరకు వ్యాపారము ఆగరాదన్నది ఆనాటి తీర్పు. అది సరియైన తీర్పే యని నా అభిప్రాయము. కాని దానికి మూల్యము కలదు. వలయములో రద్దీ హెచ్చినప్పుడు వార్తలు నిశ్శబ్దముగా రాలిపోవును. పైగా పంపినవాడెవ్వడో రుజువు లేదు. ఎవడైనను మరియొకని పేరుతో పంపవచ్చును.

అయినను చిట్టా వేరొక యంత్రములో ఉండవలసిన అవసరమును ఆ కాలపు ఘటన యొకటి చక్కగా చూపినది. బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు పైన కొండమీద లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కలదు. 1986 ఆగస్టులో అచ్చట క్లిఫర్డ్ స్టోల్ అను ఖగోళశాస్త్రజ్ఞునికి కంప్యూటరు లెక్కలలో 75 సెంట్ల తేడా కనబడినది. డాలరులో ముప్పాతిక వంతు. దానిని ఖర్చు వ్రాసి ఊరకుండవచ్చును, ఆయన ఊరకుండలేదు. వెదకగా, ఎవడో అపరిచితుడు యంత్రములో ప్రవేశించి వాడుకొనుచున్నాడని తేలినది. దొంగ యజమానుని అధికారమును చేజిక్కించుకొన్న యంత్రములోని చిట్టాను నమ్ముటెట్లు? తన అడుగుజాడలను తానే చెరిపివేయగలడు. అందుచేత స్టోల్ అచ్చటి గదులలోని సుమారు 50 టైపుయంత్రములను, తెరలను ఒక వారాంతమున తెచ్చి, బయటినుండి వచ్చు టెలిఫోను తీగలకు తగిలించెను. దొంగ నొక్కిన ప్రతి అక్షరము కాగితముపై పడినది. కాగితమును దూరమునుండి ఎవ్వడును చెరపలేడు కదా. దాదాపు ఒక సంవత్సరము సాగిన వెదకులాట జర్మనీలోని హనోవర్ నగరమున ముగిసినది; సోవియట్ గూఢచారి సంస్థకు సమాచారము అమ్మిన ముఠా బయటపడినది. స్టోల్ ఈ వృత్తాంతమును 1989లో గ్రంథముగా ప్రకటించెను. కాగితము చేసిన పనిని తరువాతి పాలకులు ప్రత్యేకమైన చిట్టాయంత్రముచేత చేయించిరి. అన్ని సర్వర్లును దానికి చెప్పును; దానిలోనికి ప్రవేశింపగలవారు మాత్రము బహు కొద్దిమంది.

వ్యాకరణవేత్తలు లక్ష్యము ముందు, లక్షణము వెనుక అందురు. సిస్‌లాగ్ విషయమున లక్షణము దాదాపు ఇరువది ఏండ్లు వెనుకబడినది. ప్రతి సంస్థయు దానిని తన యంత్రములలో చేర్చినది. ఎవరి యాస వారిది. 2001 ఆగస్టులో క్రిస్ లోన్విక్ సంకలనము చేసిన 3164వ సంఖ్య గల ఆర్‌ఎఫ్‌సీ పత్రము వెలువడినది. అది శాసనము కాదు. వాడుకలో కనిపించినదానిని ఉన్నదున్నట్లు వర్ణించిన పత్రము మాత్రమే. ఆ వాడుకలోని లోపమొకటి చరిత్ర చదువువారికి మనస్తాపము కలిగించును. పాతరీతి పంక్తిలో నెల, తేదీ, గంట, నిమిషము, సెకండు ఉండును, సంవత్సరము లేదు! ఏ దేశకాలమో సూచన లేదు. శకసంవత్సరము చెక్కని దానశాసనమును చేతబట్టుకొన్న శాసనపరిశోధకుని అవస్థ వంటిది ఇది. ఈ లోపమును దిద్దుచు రైనర్ గెర్‌హార్డ్స్ రచించిన 5424వ పత్రము 2009 మార్చిలో వచ్చినది. అందు సంవత్సరముతోను, స్థానిక కాలభేదముతోను కూడిన పూర్తి కాలము ఉన్నది. వార్తను రహస్యలిపిలో పంపు పద్ధతికి వేరొక పత్రము, 6514వ ద్వారము ఏర్పడినవి.

అప్పటికే పాత భూతమునకు వారసులు పుట్టియుండిరి. హంగేరీ దేశీయుడు బలాజ్ షైడ్లర్ 1998లో సిస్‌లాగ్-ఎన్‌జీని, జర్మనీలో గెర్‌హార్డ్స్ 2004లో ఆర్‌సిస్‌లాగ్‌ను ఆరంభించిరి. 2011లో ప్రకటింపబడిన సిస్టమ్‌డీ జర్నల్ మాత్రము మూలసూత్రమునే మార్చినది. చిట్టాను ఎవరైనను చదువగల అక్షరములలో గాక, యంత్రమునకు అనువైన రూపములో అది దాచును. వెదకుట వేగమైనదని కొందరు మెచ్చిరి. యంత్రము పాడైన నాడు వట్టి కంటితో చదువలేని చిట్టా ఎందుకని మరికొందరు తీవ్రముగా తగవులాడిరి. పెక్కు లైనక్స్ పంపిణీలు చాలకాలము రెండింటిని ప్రక్కప్రక్కన నడిపినవి.

చిట్టా సాక్షియే గాని అమాయక సాక్షి. తనకు చెప్పినదెల్ల వ్రాయును. 2018 మే నెలలో ట్విటర్ సంస్థ, వాడుకరుల రహస్యపదములు తన లోపలి చిట్టాలో దాపరికము లేకుండ వ్రాయబడినవని ఒప్పుకొని, ముప్పదిమూడు కోట్లమందిని వానిని మార్చుకొమ్మని కోరెను. 2021 డిసెంబరులో మరియొక వింత బయటపడినది. జావా ప్రోగ్రాములు వాడు లాగ్-ఫర్-జే అను చిట్టా సాధనము, తాను వ్రాయవలసిన మాటలలో ఒక ప్రత్యేకమైన కూర్పు కనిపించినచో వ్రాసి ఊరకుండక, దాని ప్రకారము బయటినుండి ప్రోగ్రామును తెచ్చి నడపునట్టి స్థితిలో ఉండెను. దాని తీవ్రతను నిపుణులు పదికి పదిగా గణించిరి. లేఖకుడు వ్రాతను ఆజ్ఞగా భావించినాడన్నమాట.

మన దేశములో చిట్టా చట్టపు విషయమైనది 2022లో. ఆ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశముల ప్రకారము సంస్థలు తమ కంప్యూటర్ల చిట్టాలను 180 దినములు నిలువయుంచవలెను. ఆ ఆదేశములలోనే గడియారముల మాటయు ఉన్నది: యంత్రముల కాలము జాతీయ సమాచార కేంద్రపు లేదా క్రొత్త ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారి కాలముతో సరిపోవలెను. రెండు సర్వర్ల గడియారములు అయిదు నిమిషములు తేడాగా నడచినచో, ఏ ద్వారము ముందు తెరువబడెనో న్యాయస్థానము ముందు చెప్పుట కష్టము.

2023లో వెలువడిన డెబియన్ 12వ సంపుటిలో ఆర్‌సిస్‌లాగ్ తనంతట తాను వచ్చుట మానినది. కోరినవారు విడిగా చేర్చుకొనవలెను. చేర్చుకొన్నచో దాని పంక్తులలో ఇప్పుడు సంవత్సరముతో కూడిన నిండు కాలము పడును. కాని దాని ఆజ్ఞాదస్త్రము తెరచి చూచినవారికి, విభాగము, చుక్క, తీవ్రత, ఆ తరువాత గమ్యము అను బర్క్‌లీ నాటి వాక్యనిర్మాణమే కనిపించును. విభాగముల అంకెలును ఆనాటివే. వానిలో 8వది యూయూసీపీ అను సేవకు కేటాయింపబడినది. టెలిఫోను తీగలపై రాత్రివేళ యంత్రమునుండి యంత్రమునకు ఉత్తరములు మోసిన ఆ సేవను నేడు వాడువారు బహు అరుదు. దాని అంకెను మాత్రము వేరొకరికి ఇయ్యలేదు.