ఆచారమును చిత్రించు హక్కు

ఒక జాతి ఆచారములు గ్రంథములలో కంటె నిత్యకృత్యములలోనే ఎక్కువగా నిలిచియుండును. పెద్దలకు నమస్కరించు తీరు, పంచె కట్టు విధము, గ్రామదేవతకు మ్రొక్కు చెల్లించు పద్ధతి మొదలగువానిని ఎవరును పాఠముగ చెప్పరు. పిల్లలు చూచి నేర్చుకొందురు. అట్టి ఆచారములను వాని నడుమ పెరుగనివాడు చిత్రింపవచ్చునా? చిత్రించినచో అది గౌరవమగునా, అపచారమగునా? జపానీయుల యానిమేషన్ చిత్రముల చరిత్రలో ఈ ప్రశ్న పలుమారులు తలయెత్తెను. ఒకమారు అది ఢిల్లీ నగరమునకే వచ్చెను.

జపానులో పల్లె ఆచారములకు సాహిత్యగౌరవము కల్పించినవారిలో ముఖ్యుడు కునియో యనగిత (1875-1962). ఈశాన్య ప్రాంతమందలి తోనో వాసి కిజెన్ ససాకి చెప్పగా విన్న గాథలను ఆయన 1910లో 'తోనో మొనొగతారి' అను పేర ప్రకటించెను. చెప్పినవాడు పల్లెవాడు, వ్రాసినవాడు టోక్యోలోని ప్రభుత్వోద్యోగి. ఈ సంబంధమే తరువాతి బొమ్మల చిత్రములకును సంక్రమించెను. హయావో మియజాకి 1997 నాటి 'మోనోనోకె హిమె'లో అడవి దేవతలకును, ఇనుము కరగించు జనులకును పోరు నడచును. మకోతో షింకాయ్ 2016 నాటి 'కిమి నో నా వా'లో ఆలయకన్యలు అన్నము నమిలి దేవునికి మద్యము సిద్ధపరచు ప్రాచీనాచారము కథకు కీలకము. పట్టణములకు తరలిన జనము తాము విడిచిన పల్లెను తెరపై వెదకికొనిరనవచ్చును.

అయితే విడిచిన పల్లె ప్రీతినే గాక భీతిని కూడ కలిగించును. పెద్దలకుద్దేశించిన ఆటలలోను, చిత్రములలోను ఈ భీతి తరచుగ ప్రధానమగును. 2002లో వెలువడ నారంభించిన 'హిగురాషి నో నకు కోరో ని' అను కంప్యూటరు ఆట ఇందుకు ప్రసిద్ధోదాహరణము. 2006లో అది బొమ్మల ధారావాహికమయ్యెను. షిరకవ గ్రామమును నమూనాగ గొని కల్పించిన ఒక కొండపల్లెలో, పాత పరుపుల దూదిని నదిలో విడుచు ఉత్సవము ఏటేట జరుగును. ఆ రాత్రి ప్రతియేట ఒకరు మరణింతురు, ఒకరు మాయమగుదురు. పట్టణమునుండి వచ్చిన బాలుడు ఆచారమును శంకించును, స్నేహితులను శంకించును, తుదకు తానే హింసకు పాల్పడును. ప్రాణములు తీసినది దేవత శాపము కాదనియు, మనుష్యుల కుట్రయు అనుమానముననియు కథ సాగినకొలది తెలియును.

ఇట్టి అనుమానము కథలకే పరిమితము కాదు. 1983లో జపాను చిత్రనిర్మాత యుగో సాకో, పురావస్తు శాస్త్రజ్ఞుడు బి.బి. లాల్ అలహాబాదు సమీపమున జరిపిన త్రవ్వకములపై ఒక డాక్యుమెంటరీ తీయుచుండెను. ఆయన రామాయణమునే క్రొత్తగ తీయుచున్నాడని ఒక పత్రిక వ్రాయగా, విశ్వహిందూ పరిషత్తు ఢిల్లీలోని జపాను రాయబార కార్యాలయమునకు నిరసన లేఖ పంపెను. రామాయణము భారతజాతి వారసత్వము గనుక విదేశీయుడు దానిని ఇష్టానుసారము తెరకెక్కింపరాదని ఆ లేఖ సారాంశము.

ఆ ఆందోళన అకారణమనలేము. ఉత్తరదేశపు పల్లెలలో రామకథ చదువుకొను గ్రంథము మాత్రమే కాదు. దసరా దినములలో ఊరంతయు కూడి ఆడు రామలీల కూడను. రాముని వేషము ధరించిన బాలుని భగవత్స్వరూపముగ తలచి హారతి ఇత్తురు. రాముడు దేవుడు గనుక నటునికంటె చిత్రమే తగునని సాకో భావించెను. పల్లెవారు నటుని దేవుని చేసిరి. ఈయన నటునే తొలగించెను. రెండింటను ఉన్నది ఒకే భయభక్తి.

అపోహ తొలగెను గాని మన ప్రభుత్వము భాగస్వామి కానొల్లలేదు. జపానులోనే ఉభయదేశముల కళాకారులు సుమారు 450 మంది పనిచేసిరి. మన రామ్ మోహన్ సహదర్శకుడుగ ఉండెను. పంచె కట్టు, పిల్లలు పెద్దల ఆశీస్సులందుకొను తీరు మొదలగువానిని భారతీయ చిత్రకారులు జపానీయులకు నేర్పిరి. 1992లో పూర్తియైన ఈ చిత్రము 1993 జనవరిలో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. అయోధ్య ఘటన జరిగి అప్పటికి నెల మాత్రమే దాటెను. ఆ వాతావరణమున చిత్రము ప్రజలకు విరివిగ చేరలేదు. 2025 జనవరిలో తెలుగుతో సహా పలు భాషలలో మన థియేటర్లకు వచ్చెను.

ఆచారము పుట్టుకతో వచ్చు ఆస్తియే యైనచో ఆ లేఖ సబబే. కాని యనగిత తోనోలో పుట్టినవాడు కాడు. తోనోవాడు చెప్పగా వినెను. సాకో భారతీయుడు కాడు. పంచె కట్టు నెఱిగినవారి నడిగి గీయించెను. ఆచారమును చిత్రించు హక్కు ఇట్లు అడిగి తెలిసికొను ఓపికవలన లభించును. అడుగువారు ఏ దేశమునుండియైనను, ఎన్నడైనను రావచ్చును. అప్పటికి చెప్పగలవారు మన పల్లెలలో మిగిలియుండవలెను.