మళ్లీ మళ్లీ బెణికే కాలు: కట్టా, కోతా, చెక్కపలకా?

మా అనకాపల్లి వాళ్లకి కనుమ అంటే బొజ్జన్నకొండ. శంకరం దాకా నడిచో, ఆటో ఎక్కో వెళ్లి, ఆ రాతిమెట్లు ఎక్కి, గుహలు చూసి, లింగాలకొండ కేసి కూడా ఓ చూపు చూసి దిగిరావడం చిన్నప్పట్నుంచీ అలవాటు. కొన్నేళ్ల క్రితం అలాగే దిగుతుంటే నా కుడికాలు లోపలికి మడత పడింది. పెద్ద వింతేం కాదు, అప్పటికది ఆరోసారి. మొదటిసారి కాలేజీలో క్రికెట్ ఆడుతూ. తర్వాత ఒకసారి ఆఫీసు మెట్ల మీద, ఒకసారైతే చదునైన రోడ్డు మీద, ఏ కారణమూ లేకుండా!

అమ్మ ఎప్పట్లాగే చింతపండు, ఉప్పు ఉడికించి వేడివేడి పట్టు వేసింది. "ఒకసారి బెణికిన కాలు ఇంక బెణుకుతూనే ఉంటుంది నాయనా" అంది మామ్మ. తర్వాత నేను చూపించుకున్న నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. ఒకాయన మూడు వారాలు పిండికట్టు అన్నారు. ఇంకొకాయన ఆపరేషన్ అన్నారు. మూడో ఆయన బెల్టు రాసిచ్చారు. నాలుగో ఆవిడ ఫిజియోథెరపిస్టు. "రోజూ కాసేపు ఒంటికాలి మీద నిలబడండి" అన్నారు. ఒకే బగ్గుకి నాలుగు ఫిక్సులు! ఎవరిది రైటో తేల్చుకుందామని చదవడం మొదలుపెడితే, ఇవి నలుగురి అభిప్రాయాలు కావనీ, ఒకే చరిత్రలో వేర్వేరు కాలాల్లో పుట్టిన ఆలోచనలనీ అర్థమైంది. అసలు చెడిపోయిందేమిటి అన్న ప్రశ్నకి ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పుకుంది. మందు ఆ జవాబుని బట్టి మారింది.

మొదటి జవాబు: తాడు తెగింది. చీలమండకి బయటివైపు మూడు లిగమెంట్లు ఉంటాయి. పాదం లోపలికి తిరిగితే సాధారణంగా ముందు దెబ్బతినేది వాటిలో ముందువైపుది. తాడు తెగితే ఏం చేస్తాం? కదలకుండా కట్టి, అతుక్కునేదాకా ఆగుతాం. మనవాళ్లకి ఇది కొత్త కాదు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ పేరుమోసిందే. ఆకుపసరు, కోడిగుడ్డు, వెదురుబద్దలు, గుడ్డ. అటు ఐరోపాలో డచ్ సైనిక వైద్యుడు అంటోనియస్ మథైసెన్ 1850ల మొదట్లో గుడ్డకి జిప్సం పొడి పట్టించి ఇప్పటి పిండికట్టుకి దారి వేశాడు. సరుకు వేరుగానీ సూత్రం ఒకటే. విరిగిన ఎముకకి ఆ సూత్రం నిజంగానే పనిచేస్తుంది. చిక్కల్లా దాన్ని బెణుకుకి కూడా అలాగే, వారాల తరబడి వాడడంతోనే వచ్చింది. కట్టు విప్పేసరికి తాడు అతుక్కుంటుంది, ఈలోగా పిక్క సన్నబడుతుంది, కీలు బిగుసుకుంటుంది.

రెండో జవాబు: తాడు అతుక్కోలేదు, కొత్త తాడు వెయ్యాలి. ఇది సర్జన్ల కాలం. 1953లో ఎవాన్స్, 1969లో క్రిస్మన్, స్నూక్ చేసిన ఆపరేషన్లలో చీలమండ బయటివైపు వెళ్లే పెరోనియస్ బ్రెవిస్ అనే కండరం స్నాయువుని, మొత్తంగానో కొంతగానో, తాడుగా వాడేశారు. ఇక్కడో తమాషా ఉంది. పాదం లోపలికి పడిపోతుంటే బయటికి లాగి నిలబెట్టే కండరాల్లో అదీ ఒకటి. కాపలావాడినే తీసుకెళ్లి తలుపుకి గడియగా బిగించినట్టన్నమాట! ఈలోగా 1966లో స్వీడన్ సర్జన్ లెన్నార్ట్ బ్రోస్ట్రమ్, పాతబడిన లిగమెంటునే బిగించి కుట్టవచ్చని చూపించాడు. 1980లో గౌల్డ్ దానికి ఇంకొంచెం బలం చేర్చాడు. ఈ రోజుకీ ఆపరేషన్ అంటే ముందు గుర్తొచ్చేది ఈ పద్ధతే.

మూడో జవాబు నాకు బాగా నచ్చింది. 1965లో లండన్‌లో మైఖేల్ ఫ్రీమన్ అనే డాక్టరు (తర్వాత మోకాలి మార్పిడి ఆపరేషన్లకి పేరు పడ్డాయన ఈయనే) ఒక విచిత్రం గమనించాడు. కొందరికి పరీక్షలో కీలు గట్టిగానే ఉంటుంది, కానీ నడిస్తే "కాలు జారిపోతోందండీ" అంటారు. తాడు బాగానే ఉంటే మరి పోయిందేమిటి? లిగమెంటు వట్టి తాడు కాదు, అందులో నరాల కొసలు ఉంటాయి, పాదం ఏ కోణంలో ఉందో అవి పైకి చెబుతూ ఉంటాయి, బెణికినప్పుడు అవి కూడా తెగుతాయి అన్నాడాయన. మన భాషలో చెప్పాలంటే హార్డ్‌వేర్ బాగానే ఉంది, సెన్సర్ పోయింది. దీనికి ఆయన చెప్పిన మందు కింద గుండ్రంగా ఉండే ఒక చెక్కపలక. దాని మీద తూలకుండా నిలబడడమే వైద్యం.

ఫ్రీమన్ చెప్పిందంతా అలాగే నిలబడలేదు. 1990లలో డెన్మార్క్‌లో కొన్రాడ్సన్ లాంటివాళ్లు టైమింగులు కొలిచారు. కాలు మడత పడడం సెకనులో పదోవంతు వ్యవహారం. నరం కబురు పంపి, కండరం బిగుసుకుని, పాదాన్ని ఆపేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. అంటే ఇంటరప్ట్ వచ్చాక స్పందిస్తే లేటే. మరి పలక మీద సాధన చేసినవాళ్లకి ఎందుకు తగ్గుతోంది? బహుశా పాదం నేలని తాకకముందే సరైన కోణంలో పెట్టడం ఒంటికి అలవాటవుతోంది కాబట్టి. కారణం మారింది, మందు మాత్రం మారలేదు. చరిత్రలో ఇలాంటివి మామూలే. 2002లో అమెరికాలో జే హెర్టెల్ ఈ జవాబులన్నిటినీ ఒకచోటికి తెచ్చాడు: కొందరికి తాడు వదులు, కొందరికి కబురు తేడా, చాలామందికి రెండూ కొంచెం కొంచెం.

సరే, పోటీ పెడితే ఏది గెలిచింది? 1985లో ట్రాప్, మరికొందరు స్వీడన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో చూస్తే, పలక సాధనా పనిచేసింది, బ్రేస్ (మనం బెల్టు అనేది) కూడా పనిచేసింది. 2004లో నెదర్లాండ్స్ వాలీబాల్ జట్లలో పలక ఉపయోగపడింది, కానీ అంతకుముందు బెణికిన కాళ్లకి మాత్రమే. 2009లో అక్కడే 522 మంది క్రీడాకారులతో ఇంకో పరీక్ష జరిగింది. సగం మంది ఇంట్లోనే, ఎవరి పర్యవేక్షణా లేకుండా, 8 వారాలు కసరత్తు చేశారు. ఏడాదిలో మళ్లీ బెణికింది వాళ్లలో 22 శాతం మందికి, మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్లలో 33 శాతం మందికి. 2014లో బ్రేస్‌నీ కసరత్తునీ నేరుగా పోల్చారు. 8 వారాల కసరత్తు చేసినవాళ్లలో 27 శాతం మందికి మళ్లీ బెణికింది, ఏడాదంతా ఆటలో బ్రేస్ వేసుకున్నవాళ్లలో 15 శాతం మందికే. రెండూ చేసినవాళ్లు మధ్యలో, 19 శాతం.

చూశారా, నా పలక ఓడిపోయింది! నిజం చెప్పాలంటే ఇది చదివి కాస్త నీరసపడ్డాను. పిండికట్టు కూడా ఊరికే చెడ్డది కాదు. 2009లో ఇంగ్లాండులో 584 మందితో చేసిన పరీక్షలో, బాగా దెబ్బ తగిలినవాళ్లకి 10 రోజుల కట్టు, సాదా బ్యాండేజీ కన్నా తొందరగా తేరుకునేలా చేసింది. 9 నెలలకి మాత్రం తేడా లేదు. కాబట్టి తప్పు కట్టుది కాదు, ఎన్నాళ్లు అన్నదానిది. అలాగే బ్రేస్ వేసుకున్నంతసేపు కాపాడుతుంది. కసరత్తు ఫలం ఏ ఎనిమిదో వారంలోనో ఆపేస్తే ఎన్నాళ్లుంటుంది అన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ నాకు మా ఊరి బెల్లం మార్కెట్ గుర్తొస్తుంది. చిన్నప్పుడు యార్డుకి వెళ్లినప్పుడు ఒక కళాసీని చూసేవాణ్ణి. ఆయన రోజూ పొద్దున్నే పాతచీర పీలికతో కుడి చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలా బిగించి కట్టుకుని పనిలో దిగేవాడు. అదేంటి మావా అంటే, "లేకపోతే బరువు మీద కాలు ఆగదురా" అనేవాడు. ఏ జర్నలూ చదవకుండానే ఆయన 2014 పరీక్ష ఫలితం పాటిస్తున్నాడు. కానీ కట్టు వెనక కాలు అలాగే ఉండిపోయింది. నలభై దాటాక బరువు మొయ్యడం మానేశాడు. మోకాలు వయసుతో అరుగుతుందిగానీ, చీలమండ అరిగిందంటే ఎక్కువగా పాతదెబ్బే కారణం. మూడు వారాల విశ్రాంతి అనే మాట జీతం ఆగని నాకు చెప్పినంత తేలిగ్గా రోజుకూలీకి చెప్పలేం. ఏ పద్ధతి గొప్పది అన్న పోలికలో ఈ లెక్క ఏ పట్టికలోనూ కనపడదు. ఆ రోజుల్లో ఆయనకి ఎవరైనా పీలిక ఉంచుకోమంటూనే రోజుకి పది నిమిషాల కసరత్తు నేర్పి ఉంటే? అది పైసా ఖర్చు లేని పని, కూలి పోని పని. చెప్పేవాళ్లే లేకపోయారు.

డబ్లిన్‌లో మొదటిసారి బెణికినవాళ్లని ఏడాది పాటు గమనిస్తే (2016), 40 శాతం మందికి ఈ జబ్బు స్థిరపడింది. అంటే మా మామ్మ మాట సగం తప్పు, సగం నిజం. ఆ 40 శాతంలో పడకుండా ఉండడానికి ఇప్పుడు చెబుతున్న దారి సాదాసీదాగా ఉంటుంది: కీలు కదలిక, బలం, తూకం, ఆటలో వచ్చే కదలికలు, ఈ నాలుగూ పరీక్షించు, ఏది తక్కువుంటే దాన్ని బాగుచెయ్యి. అప్పటిదాకా ఆటకీ బరువుపనికీ బ్రేస్ వేసుకో. ఇవన్నీ కొన్ని నెలలు నిజంగా చేశాక కూడా జారుతుంటే, అప్పుడు బ్రోస్ట్రమ్ గారి కుట్టు. డీబగ్గింగ్ అంటే మనకి తెలిసిందే కదా, లాగ్ చూడకుండా కోడ్ మార్చకూడదు.

కసరత్తు పట్టీ చూస్తే నాకు నవ్వొచ్చింది. ఒంటికాలి మీద నిలబడడం, గెంతి ఒంటికాలి మీద దిగి కదలకుండా ఆగడం, ముందుకీ పక్కకీ వెనక్కీ గెంతడం. 2008లో అమెరికాలో మెకీయన్ బృందం 4 వారాలు చేయించి ఫలితం చూపించినవీ ఇలాంటివే. ఇది మన తొక్కుడుబిళ్ల కాదూ? ఆడపిల్లల ఆట అని మేం పక్కన కూర్చుని వెక్కిరించేవాళ్లం.

నా సంగతంటారా, ఏటికొప్పాకలో ఒకాయన చేత అరగోళం తరిణె పట్టించి, దాని మీద పలక బిగించుకున్నాను. మొదటివారం అయిదు సెకన్లు కూడా నిలబడలేదు. మూడో నెలకి కళ్లు మూసుకుని అరనిమిషం. షటిల్ ఆడేటప్పుడు బ్రేస్ ఇప్పటికీ వేసుకుంటాను, నామోషీ ఏం లేదు. ఏడోసారి ఇంకా రాలేదు. ఇది ఒక్క కాలి కథ, రుజువు కాదు.

ఒక్క జాగ్రత్త: బెణికిన వెంటనే నాలుగు అడుగులు కూడా వెయ్యలేకపోతే, లేదా గిలక దగ్గర ఎముకని నొక్కితే నొప్పెడితే, ముందు ఎక్స్‌రే తీయించండి. ఒంటికాలి తపస్సు తర్వాత. మీలో ఎవరైనా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లుంటే ఎలా ఉందో చెప్పండి. ఆ పక్షం నుంచి నాకు తెలిసింది తక్కువే.